పరుగు కుక్క పంజాలో టెండన్ దెబ్బ: గుర్తించడం నుంచి మళ్లీ పరిగెత్తించేదాకా

పరిగెత్తే కుక్క పంజా అడుగున సీసా పెంకు కోసుకుంటే బయటికి కనిపించే గాటు ఒక్కోసారి అంగుళం కూడా ఉండదు. కాసేపట్లో రక్తం ఆగిపోతుంది. ఇంట్లోనే మందు రాసి కట్టు కడతారు, పది పదిహేను రోజుల్లో చర్మం మానిపోతుంది. ఆ తర్వాత ఎప్పుడో చూసుకుంటే ఒక వేలు నేలకు పరుచుకుపోయి ఉంటుంది, లేదా గోరు పైకి లేచి ఉంటుంది. అంటే ఆ రోజు చర్మంతో పాటు లోపలి టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, కూడా తెగింది, ఎవరూ గమనించలేదు. మొదటి రోజు గాయంలోనే దొరికే ఆ తెగిన కొసలు నెల గడిచేసరికి వెనక్కి ముడుచుకుపోయి, చుట్టూ ఉన్న కండకు అతుక్కుపోతాయి. అప్పుడు వాటిని వెతికి పట్టుకోవడం మంచి సర్జన్‌కు కూడా కష్టమే.

అందుకే అన్నిటికన్నా ముందు చెప్పేది ఇది: కట్టు కట్టే ముందు కుక్కను కాసేపు నాలుగు కాళ్ల మీద నిలబెట్టి వేళ్లు చూడండి. టెండన్ పూర్తిగా తెగిందా లేదా అన్నది చాలాసార్లు అక్కడే తేలిపోతుంది.

ఈ దెబ్బల గురించి పశువైద్యులకు తెలిసినదాంట్లో చాలా భాగం బ్రిటన్, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, అమెరికా దేశాల రేసు గ్రేహౌండ్ల దగ్గర నేర్చుకున్నదే. ఆ ట్రాకుల మీద కుక్కలు ఎప్పుడూ ఎడమవైపుకే తిరుగుతూ గంటకు 60 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పరిగెత్తుతాయి. ప్రతి మలుపులోనూ బరువు ఒకే తీరుగా పడుతుంది కాబట్టి దెబ్బలూ ఒకే చోట్ల కనిపిస్తాయి. పంజాలోని పొడవాటి ఎముకల్లో ఎడమ ముందు కాలికి బయటివైపుది, కుడి ముందు కాలికి లోపలివైపుది ఎక్కువగా చిట్లుతాయి. రెండూ ట్రాకు లోపలి అంచు వైపు ఉండేవే. తర్వాత అజిలిటీ వచ్చింది. 1978లో ఇంగ్లండ్‌లో క్రఫ్ట్స్ డాగ్ షోలో మొదలైన ఈ ఆటలో కుక్క గెంతుతూ, మెలికలు తిరుగుతూ, వాలు పలకలు ఎక్కిదిగుతూ పరిగెత్తుతుంది. ఈ ఆట ఆడే కుక్కల్లో వేళ్ల దెబ్బలు మామూలైపోయాయి.

మన చుట్టుపక్కల ముధోల్, రాజపాళయం, చిప్పిపారై, కన్ని జాతుల్ని పెంచేవాళ్లున్నారు. మొయినాబాద్‌లో శిక్షణ పొంది విధుల్లోకి వెళ్లే పోలీసు కుక్కలున్నాయి. ఇవి పరిగెత్తేది చదును చేసిన ట్రాకు మీద కాదు. కంది మోళ్లు, పత్తి మోళ్లు, తుమ్మ ముళ్లు, మైదానంలో పగిలిన బీరు సీసాలు, ఇవన్నీ వాటి దారిలోనే ఉంటాయి. కాబట్టి ఇక్కడ లాగుడు దెబ్బల గురించి ఎంత ఆలోచించాలో, కోత గాయాల గురించీ అంత ఆలోచించాలి.

పంజాలో ఏ తాడు ఎక్కడ ఉంటుంది

కుక్క నడిచేది వేళ్ల మీద. ప్రతి పంజాలో బరువు మోసేవి నాలుగు వేళ్లు, వాటిలో మధ్య రెండింటి మీద భారం ఎక్కువ. ఒక్కో వేలిలో వరసగా మూడు ఎముకలు ఉంటాయి, చివరి దానికే గోరు. ఈ వేళ్లను ముడిచే కండరాలు పంజాలో లేవు, ఇంకా పైన కాలి వెనక భాగంలో ఉన్నాయి. అక్కడి నుంచి టెండన్లు తాళ్లలా కిందికి దిగి వేళ్ల అడుగుకు వస్తాయి.

ప్రతి వేలికీ అడుగున రెండు టెండన్లు ఉంటాయి. పైపైన ఉండేది మధ్య ఎముక దగ్గర ఆగిపోతుంది. దాన్ని పై టెండన్ అనుకుందాం. రెండోది లోతుగా ఉంటుంది, పై టెండన్‌లో ఉన్న చీలిక గుండా దూరి చివరి ఎముక దాకా, అంటే గోరు మొదలు దాకా వెళ్తుంది. ఇది లోతు టెండన్. పై టెండన్ వేలి మధ్య కణుపును వంచి పట్టుకుంటే, లోతు టెండన్ గోరును నేలకు అదిమి పట్టుకుంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే రోగ నిర్ధారణలో సగం పని అయినట్టే.

వేళ్ల పైభాగాన, అంటే మనకు ఎదురుగా కనిపించే వైపు, వేళ్లను చాచే టెండన్లు ఉంటాయి. ముందు కాలి పంజాకు పైన ఉండే కీలే మణికట్టు. దాని వెనక చిన్న మెత్తకు, అంటే దిండు లాంటి మందపాటి చర్మానికి, కాస్త పైన ఒక ఎముక బొడిపెలా తగులుతుంది. దానికి మణికట్టును వంచే లావు టెండన్ అతుక్కుని ఉంటుంది. మణికట్టు లోపలివైపు ఇంకో సన్నని టెండన్ బొటనవేలి స్థానంలో ఉండే చిన్న గోరు వేలి వైపు వెళ్తుంది. డ్యూక్లా అని పిలిచే ఆ వేలు ఊరికే వేలాడేది కాదు. కుక్క వేగంగా వెళ్లేటప్పుడు మణికట్టు కిందికి వంగి అది నేలకు తగులుతుంది, మలుపులో పట్టు ఇస్తుంది.

మొదటి మెట్టు: దెబ్బ తగిలిన వెంటనే

పరుగు ఆపండి. కుక్క ఇంకా ఉత్సాహంగానే ఉందని ఇంకో రౌండు పరిగెత్తించకండి. ఆటలో ఉన్న కుక్క నొప్పిని లెక్కచేయదు, సగం తెగిన టెండన్ ఆ రౌండులోనే పూర్తిగా తెగుతుంది.

నొప్పిలో ఉంటే సొంత కుక్కైనా కరవచ్చు. మూతికి తొడిగే జాలీ (మజిల్) ఉంటే తొడగండి, లేకపోతే మెత్తటి గుడ్డ పట్టీతో మూతి చుట్టూ కట్టి చెవుల వెనక ముడి వేయండి. రొప్పుతున్నా, వాంతి చేసుకుంటున్నా, ఎండదెబ్బ లక్షణాలున్నా మూతి కట్టకూడదు. ఒకవేళ కరిస్తే, దానికి టీకాలు వేయించి ఉన్నా సరే, గాయాన్ని సబ్బునీళ్లతో 15 నిమిషాలు కడిగి డాక్టర్ని కలవండి.

రక్తం ఎక్కువగా కారుతుంటే శుభ్రమైన గుడ్డతో ఐదు నిమిషాలు వదలకుండా నొక్కి పట్టుకోండి. మధ్యమధ్య ఎత్తి చూస్తుంటే గడ్డకట్టిన రక్తం మళ్లీ ఊడిపోతుంది. ఆగాక సెలైన్‌తో, అది లేకపోతే శుభ్రమైన తాగునీటితో ధారగా కడగండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వద్దు. పసుపు, సున్నం, కాఫీ పొడి, బూడిద అసలే వద్దు. ఇవి చర్మం మీది గీతకు ఏమోగానీ, లోపల తెరుచుకున్న టెండన్ తొడుగులోకి పోతే తర్వాత సర్జన్ వాటినంతా గీకి తీయాల్సి వస్తుంది.

గాయం లేకుండా వాపు మాత్రమే ఉంటే ఐసు ముక్కల్ని గుడ్డలో చుట్టి 10 నుంచి 15 నిమిషాలు పెట్టండి. మొదటి రెండు మూడు రోజులు రోజుకు మూడు నాలుగుసార్లు ఇలా చేయవచ్చు. ఈ రోజుల్లో వేడి కాపడం, నూనె మర్దన చేస్తే వాపు పెరుగుతుంది.

మన ఇంట్లోని నొప్పి మాత్రలు ఇవ్వకండి. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్ కుక్క కడుపులో పుండ్లు చేస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని రాబందుల్ని కాపాడటానికి 2006లో దేశంలో నిషేధించారు. రాబందుల సంగతి అలా ఉంచినా, కుక్కకు అది నేరుగా ప్రమాదమే. పారాసెటమాల్ కూడా డాక్టర్ చెప్పకుండా వద్దు.

రెండో మెట్టు: నిలబెట్టి చూడటం

కాలు వంకర పోయి ఎముక విరిగినట్టు కనిపిస్తున్నా, కుక్క అసలు పంజా ఆనించలేకపోతున్నా ఈ మెట్టు వదిలేసి నేరుగా ఆసుపత్రికి వెళ్లండి. లేదంటే గట్టి చదును నేల మీద, వీలైతే సిమెంటు గచ్చు మీద, నిలబెట్టండి. మీరు కింద కూర్చుని పంజా ఎత్తుకు కళ్లు దించి పక్కనుంచి చూడండి. బాగున్న పంజాను ముందు చూసి, తర్వాత దెబ్బ తగిలినదాన్ని చూడండి. రెండింటికీ పక్కనుంచి ఒకటి, ముందునుంచి ఒకటి ఫోన్‌లో ఫొటో తీయండి. ఆసుపత్రి బల్ల మీద కుక్క కాలు ఎత్తేసి ముడుచుకుని కూర్చుంటుంది. అప్పుడు డాక్టర్‌కు మీ ఫొటోలే ఆధారం.

మామూలుగా నిలబడ్డ పంజాలో ప్రతి వేలూ వంపు తిరిగి ఉంటుంది, మధ్య కణుపు కాస్త పైకి ఉబ్బి ఉంటుంది, గోరు కొస నేలకు దగ్గరగా ఉంటుంది. ఇప్పుడు తేడా చూడండి.

గోరు మాత్రమే పైకి లేచి, వేలి వంపు అలాగే ఉంటే లోతు టెండన్ తెగింది. గ్రేహౌండ్ల వాళ్లకు బాగా అలవాటైన దెబ్బ ఇది. వంపు పోయి మధ్య కణుపు కిందికి దిగి, వేలు పక్క వేళ్ల కన్నా పొడుగ్గా పడుకున్నట్టుంటే పై టెండన్ తెగింది. వేలు పూర్తిగా చదునై, గోరు కూడా పైకి చూస్తుంటే రెండూ పోయాయి. నాలుగు వేళ్లూ ఒకేసారి ఇలా పరుచుకుంటే కోత వేళ్ల దగ్గర కాదు, పంజా మధ్యలోని పెద్ద మెత్తకు పైన, టెండన్లు ఇంకా విడిపోని చోట పడిందని అర్థం. ఇది వెంటనే ఆపరేషన్ చేయాల్సిన కేసు.

కాలు ఎత్తి పట్టుకుంటే ఈ తేడాలేవీ కనిపించవు. బరువు లేనప్పుడు తెగిన వేలు, బాగున్న వేలు ఒకేలా ముడుచుకుని ఉంటాయి. బల్ల మీద పడుకోబెట్టి గాటు కుట్టేసినప్పుడు టెండన్ తెగిన సంగతి దాటిపోవడానికి ఇదే కారణం.

ఇంకో చిక్కుంది. చర్మం మీది గాటు, టెండన్ మీది గాటు ఒకే చోట ఉండవు. పెంకు దిగినప్పుడు వేలు చాచి ఉంది, ఇప్పుడు మీరు చూస్తున్నప్పుడు ముడిచి ఉంది. ఈలోగా టెండన్ జరిగింది. గాయం తెరిచి చూస్తే లోపల టెండన్ తెల్లగా నిగనిగలాడుతూ బాగానే కనిపిస్తుంది, కోత దానికి సెంటీమీటరు అవతల ఉంటుంది. డాక్టర్ వేళ్లను ముడుస్తూ చాస్తూ చూస్తేనే అది బయటపడుతుంది.

మూడో మెట్టు: నడిపించి చూడటం

వేలి వంపు మారకుండా కుంటుతున్న కుక్కకు ఈ పరీక్ష ముఖ్యం. లీష్ వదులుగా పట్టుకుని గట్టి నేల మీద నడిపించండి, తర్వాత నెమ్మదిగా దుడుకు నడకలోకి (ట్రాట్, అంటే నడకకూ పరుగుకూ మధ్య వేగం) తీసుకెళ్లండి. ఇంకొకరు ఎదురునుంచి, పక్కనుంచి స్లో మోషన్‌లో వీడియో తీయాలి. ముందు కాలు నొప్పి ఉంటే ఆ కాలు నేలకు తగిలినప్పుడు తల పైకి లేస్తుంది, బాగున్న కాలు తగిలినప్పుడు తల కిందికి దిగుతుంది. తల దిగిన వైపు కాలు నొప్పిదని చాలామంది పొరబడతారు. తర్వాత ఎడమకు, కుడికి చిన్న గుండ్రాలు తిప్పండి. మలుపులోనే బయటపడే కుంటు చాలాసార్లు వేళ్ల పక్క లిగమెంట్లదో (ఎముకను ఎముకకు కట్టి ఉంచే పట్టీలు), మణికట్టుదో అవుతుంది.

పొద్దున లేవగానే కుంటుతూ కాసేపటికి సర్దుకునే కుక్కను తేలిగ్గా తీసుకోకండి. పాతబడుతున్న టెండన్ వాపు, కీలు అరుగుదల రెండూ ఇలాగే మొదలవుతాయి.

నాలుగో మెట్టు: చేత్తో తడిమి చూడటం

కుక్కను పక్కకు పడుకోబెట్టి, బాగున్న పంజాతో మొదలుపెట్టండి. దానికి ఆ స్పర్శ అలవాటవుతుంది, మీకు పోల్చుకోవడానికి కొలత దొరుకుతుంది. తర్వాత దెబ్బ కాలును మోచేతి నుంచి కిందికి తడుముతూ రండి.

ఒక్కో గోరును పట్టుకుని నెమ్మదిగా అటూఇటూ కదపండి. గోరు మొదట్లో పగులు ఉంటే అక్కడే కాలు లాక్కుంటుంది. వేళ్ల సందుల్లో వెంట్రుకలు విడదీసి ముల్లు, పిడుదు, గడ్డ ఉన్నాయేమో చూడండి. ప్రతి మెత్తనూ బొటనవేలితో నొక్కండి. ఒక్కో వేలి కణుపునూ ముడిచి, చాచి, తర్వాత పక్కలకు నెమ్మదిగా వంచండి. పక్కకు మామూలు కన్నా ఎక్కువ వంగితే అది టెండన్ కాదు, కణుపు లిగమెంటు.

ఇక అసలు టెండన్ దగ్గరికి రండి. మణికట్టు వెనక ఉన్న చిన్న మెత్త నుంచి పెద్ద మెత్త దాకా బొటనవేలితో నెమ్మదిగా కిందికి జరపండి. వేడి, వాపు, ఒకే చోట గిజగిజలాడే నొప్పి, లేదా వేలు లోపలికి దిగేంత ఖాళీ తగులుతాయేమో చూడండి. తర్వాత మణికట్టును తిన్నగా ఉంచి ఒక్కో వేలినీ పైకి ఎత్తండి. పూర్తిగా తెగిన టెండన్ ఉన్న వేలు అడ్డు లేకుండా పైకి వచ్చేస్తుంది, నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. సగం తెగినదీ, సాగినదీ మాత్రం ఇక్కడే నొప్పిపెడతాయి, ఎందుకంటే మీరు దాన్ని లాగుతున్నారు. నొప్పి ఎక్కువుంటే దెబ్బ పెద్దదనే లెక్క ఈ విషయంలో పనిచేయదు.

మణికట్టు వెనక బొడిపె దగ్గర నొప్పి, వాపు ఉంటే మణికట్టు వంచే టెండన్ అతుకు దగ్గర సాగి ఉండవచ్చు, లేదా చిన్న ఎముక ముక్కతో సహా ఊడి వచ్చి ఉండవచ్చు. మణికట్టు లోపలివైపు గట్టి వాపు ఉండి, మణికట్టు బాగా ముడిచినప్పుడు కుక్క ఒప్పుకోకపోతే డ్యూక్లా వైపు వెళ్లే టెండన్ తొడుగు వాచిందని అనుమానించాలి. ఇది ఒక్క దెబ్బతో వచ్చేది కాదు, రోజూ అదే పని చేసే కుక్కల్లో మెల్లగా పెరిగేది.

టెండన్‌ది కాకుండా పంజాలో కుంటు తెచ్చేవి చాలా ఉన్నాయి. గ్రేహౌండ్లకు మెత్తల మీద ఆనెకాయలు వస్తాయి. పైకి గుండ్రటి చిన్న మచ్చలా కనిపించి, నొక్కితే భరించలేవు. వేళ్ల మొదట్లో ఉండే గింజంత ఎముకలు విరగడం, పంజా ఎముకల్లో సన్నని పగులు, వేసవి తారు రోడ్డు మీద మెత్తలు కాలడం కూడా ఇలాగే కనిపిస్తాయి. గోరు వెనక్కి మడిచి పంజా పైభాగం మీద అడుగేస్తుంటే నాడి దెబ్బతిందేమో చూడాలి. ఏడెనిమిదేళ్లు దాటిన కుక్కలో ఒకే వేలు వాచి తగ్గకపోతే కణితి కాదని తేలేదాకా వదలకండి.

ఐదో మెట్టు: ఎక్స్‌రే, స్కానింగ్

ఎక్స్‌రేలో టెండన్ కనిపించదు. అయినా తీయించాలి; ఎముక ముక్క ఊడిందా, కణుపు జారిందా, గాజు పెంకు లోపలుందా అన్నది అందులోనే తెలుస్తుంది. పక్కనుంచి తీసేటప్పుడు వేళ్లన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఏమీ అర్థం కాదు. దెబ్బ ఉన్న వేలిని టేపుతో ముందుకు, మిగతా వాటిని వెనక్కి లాగి తీయమని అడగండి. రెండో పంజాకు కూడా తీస్తే పోల్చుకోవచ్చు.

టెండన్‌ను చూపించేది అల్ట్రాసౌండ్. పొట్ట స్కానింగ్‌కు వాడే ప్రోబ్ దీనికి చాలదు. 10 మెగాహెర్ట్జ్‌కు పైబడిన లీనియర్ ప్రోబ్ కావాలి, పంజా వెంట్రుకలు గొరగాలి, చూసే మనిషికి అనుభవం ఉండాలి. బాగున్న టెండన్‌లో దారాలు పొడవునా వరసగా కనిపిస్తాయి. దెబ్బ తగిలిన చోట ఆ వరస చెదిరి నల్లటి మచ్చ కనిపిస్తుంది. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో గానీ, చెన్నై వేపేరిలోని మద్రాస్ వెటర్నరీ కాలేజీలో గానీ ముందుగా కనుక్కుని వెళ్లండి. పంజా అడుగున కోత ఉండి వేలి వంపు మారితే మాత్రం స్కానింగ్ కోసం రోజులు పోగొట్టుకోవద్దు. మత్తిచ్చి గాయం తెరిచి చూడటమే అక్కడ సరైన పరీక్ష.

ఆరో మెట్టు: చికిత్స ఏది

టెండన్ సాగి, దారాలు తెగకపోతే ఆపరేషన్ అక్కర్లేదు. రెండు మూడు వారాల విశ్రాంతి, మొదట్లో ఐసు, డాక్టర్ రాసిన కుక్కల నొప్పి మందు, తేలికపాటి కట్టు సరిపోతాయి. మెలోక్సికామ్, కార్‌ప్రొఫెన్ లాంటివి బరువును బట్టి రాస్తారు. వాటితో పాటు స్టెరాయిడ్ ఇవ్వకూడదు. కుంటు ఆగిపోయిందని నాలుగో రోజే వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది. మందు నొప్పిని తగ్గించిందే తప్ప టెండన్‌ను అతికించలేదు.

సగం తెగితే మూడు వారాల దాకా స్ప్లింట్ (కాలు కదలకుండా పట్టే గట్టి బద్ద), ఆ తర్వాత మెత్తటి కట్టు, మొత్తం మీద రెండు మూడు నెలలు కావాలి. నొప్పి తొందరగా తగ్గుతుందని తెగిన టెండన్‌లోకి నేరుగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించకండి, అది ఉన్న దారాల్ని కూడా బలహీనం చేస్తుంది. డ్యూక్లా టెండన్ తొడుగు వాచిన కేసులో తొడుగులోకి వేసే ఇంజెక్షన్ వేరు; అది సరైన చోట, తెలిసిన చేతితో పడాలి.

పూర్తిగా తెగినప్పుడు నిర్ణయం జాగ్రత్తగా తీసుకోవాలి. చర్మం తెగకుండా ఒకే వేలి లోతు టెండన్ ఊడి గోరు పైకి లేచిందనుకోండి. చూడటానికి బాగుండదు కానీ, చాలా కుక్కలు అలాగే నొప్పి లేకుండా పరిగెత్తుతాయి. దానికి ఆపరేషన్ చేయించమని నేను చెప్పను. కొన్ని వారాల విశ్రాంతి ఇచ్చి, ఆ గోరు ఎక్కువ అరగదు కాబట్టి తరచుగా కత్తిరిస్తే చాలు. పంజా అడుగున కోతతో రెండు మూడు వేళ్ల టెండన్లు తెగితే, లేదా మధ్య వేళ్లు రెండూ పడిపోతే, లేదా మణికట్టు వెనక టెండన్ తెగితే ఆపరేషన్ కావాలి, వీలైతే అదే రోజు. గాయం పాతబడి చీము పట్టి ఉంటే ముందు శుభ్రం చేసి, ఇన్‌ఫెక్షన్ తగ్గాక కుట్టడం మంచిది.

ఆపరేషన్‌లో తెగిన కొసల్ని వెతికి, పాడైన అంచు తీసేసి, ఎదురెదురుగా తెచ్చి నైలాన్ లాంటి, టెండన్‌లో చాలాకాలం నిలిచే దారంతో కుడతారు. దారం టెండన్ లోపల మెలికలు వేసి కొసను పట్టుకోవాలి, లేకపోతే చీల్చుకుని వచ్చేస్తుంది. కొసల మధ్య ఖాళీ 3 మిల్లీమీటర్లు దాటితే అతుకు సరిగ్గా బలపడదని కుక్కల టెండన్ల మీద 1999లో వచ్చిన పరిశోధన చూపించింది. కుట్టు ఎంత బాగున్నా తర్వాతి కట్టు వదులైతే ఆ ఖాళీ ఏర్పడుతుంది. అందుకే వేళ్లు ముడిచే టెండన్ కుట్టాక మణికట్టును వంచి, వేళ్ల మీద లాగుడు పడకుండా స్ప్లింట్ వేస్తారు. సుమారు మూడు వారాలకు వంపు తగ్గిస్తూ, ఆరు వారాల దాకా ఏదో ఒక ఆధారం ఉంచుతారు. వేళ్లు చాచే టెండన్ తెగితే దీనికి భిన్నంగా, తిన్నగా ఉంచుతారు. అవి సాధారణంగా బాగా మానుతాయి. అన్నీ విఫలమై వేలు నొప్పిపెడుతూనే ఉంటే కణుపు అతికించడం లేదా వేలు తీసేయడం చివరి దారి. బయటి వేలు పోయినా కుక్క సర్దుకుంటుంది, మధ్య వేలు పోతే ఆట స్థాయి తగ్గవచ్చు.

పీఆర్‌పీ (కుక్క రక్తం నుంచే తీసే ప్లేట్‌లెట్ల ద్రవం) ఇంజెక్షన్లు, లేజర్, షాక్‌వేవ్ కొన్నిచోట్ల ఇస్తున్నారు. సాయపడవచ్చు కానీ, వేళ్ల టెండన్ల విషయంలో గట్టి ఆధారాలు ఇంకా తక్కువ. విశ్రాంతికి, స్ప్లింట్‌కు బదులుగా వాటిని నమ్ముకోవద్దు.

ఏడో మెట్టు: కట్టు కాపాడుకోవడం

ఆపరేషన్ బాగా జరిగినా కేసు చెడిపోయేది ఇంట్లో, కట్టు దగ్గర. మధ్య రెండు వేళ్ల గోళ్లు బయటికి కనిపించేలా కట్టించుకోండి. రోజూ రెండుసార్లు వాటిని చూడండి. రెండు గోళ్లు దగ్గరగా ఉండాల్సింది విడిపోతే లోపల వాపు పెరుగుతోంది. వేళ్లు చల్లబడినా, కట్టు నుంచి వాసన వచ్చినా, కుక్క ఉన్నట్టుండి కట్టు కొరకడం మొదలుపెట్టినా ఆ రోజే విప్పించాలి. రేపటిదాకా ఆగితే కట్టు వల్లే పుండు పడుతుంది.

బయటికి తీసుకెళ్లేటప్పుడు ప్లాస్టిక్ కవర్ తొడిగి, లోపలికి రాగానే తీసేయండి. ఎప్పుడూ కవర్ ఉంచితే లోపల చెమ్మ చేరుతుంది. వానాకాలంలో తడిసిన కట్టు మీద ఈగ వాలితే పురుగులు పడటానికి ఒకటి రెండు రోజులు చాలు. నాకకుండా మెడకు కోన్ వేయండి. నున్నటి టైల్స్ మీద గోనె పట్టా పరవండి. సోఫా, మంచం, మెట్లు ఎక్కనివ్వకండి. కదలిక తగ్గింది కాబట్టి తిండి కూడా తగ్గించాలి. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి.

వేళ్ల గాయం తర్వాత ముఖం బిగుసుకుపోయినా, చెవులు నిక్కబొడుచుకుని కదలకపోయినా, కాళ్లు కొయ్యబారినా ధనుర్వాతం కావచ్చు. కుక్కల్లో అరుదు, కానీ వస్తే ప్రాణం మీదికి వస్తుంది.

ఎనిమిదో మెట్టు: మళ్లీ పరుగులోకి

కుట్టిన టెండన్‌కు ఆరు వారాల తర్వాత అసలు బలంలో సగం పైచిలుకు మాత్రమే వస్తుంది. ఏడాదికి కూడా సుమారు 80 శాతమే. కుక్క మాత్రం ఆరో వారానికే పూర్తిగా బాగైపోయినట్టు గెంతుతుంది. తెగిన టెండన్ రెండోసారి తెగేది ఈ దశలోనే.

స్ప్లింట్ తీశాక రెండు వారాల పాటు పొట్టి లీష్ మీద ఐదేసి నిమిషాల నడక, రోజుకు మూడు నాలుగుసార్లు. పడుకోబెట్టి మణికట్టును, వేళ్లను నొప్పి రాని మేరకు నెమ్మదిగా ముడిచి చాపండి, పది పదిహేనుసార్లు, రోజుకు రెండు పూటలు. వారానికి ఐదు నిమిషాల చొప్పున నడక పెంచండి. గాయం పూర్తిగా మూసుకున్నాక లోతులేని నీళ్లలో నడిపించడం చాలా మంచి వ్యాయామం. నీళ్లలో నడిచే ట్రెడ్‌మిల్ దొరక్కపోతే, అడుగు జారని చిన్న తొట్టి పనికొస్తుంది. పాకుడు పట్టిన కాలువ గట్లు వద్దు.

మూడో నెల నుంచి డాక్టర్ చూసి సరేనన్నాక తిన్నగా దుడుకు నడక, తర్వాత తిన్నగా పరుగు. మలుపులు ఆ తర్వాత, గెంతులు అన్నిటికన్నా చివర. ప్రతి కొత్త పని పెట్టిన మర్నాడు పొద్దున పంజా తడిమి చూడండి. వాపు గానీ, వేడి గానీ, కుంటు గానీ కనిపిస్తే వెనకటి వారానికి వెళ్లండి. నడకలో, దుడుకులో కుంటు లేకుండా, నొక్కితే నొప్పి లేకుండా, రెండు మణికట్లూ ఒకేలా వంగితేనే పోటీ సంగతి ఆలోచించాలి. పూర్తిగా తెగి కుట్టిన కుక్కకు ఇది నాలుగు నుంచి ఆరు నెలల పని. కొన్ని కుక్కలు మునుపటి స్థాయికి రావు. వాటికి వాసన పసిగట్టే ఆటలు నేర్పించవచ్చు, పరుగు లేకుండానే మెదడుకు పని దొరుకుతుంది.

మళ్లీ రాకుండా

గోళ్లు పెరిగితే ప్రతి అడుగులోనూ వేలు వెనక్కి తోసుకుపోతుంది. గచ్చు మీద నడుస్తుంటే టకటక చప్పుడు వస్తే కత్తిరించాల్సిన సమయం దాటిపోయింది. అజిలిటీ కుక్కల మీద 2018లో వచ్చిన సర్వేలో గోళ్లు పొడుగ్గా ఉన్నవాటికీ, ముందు కాళ్ల డ్యూక్లాలు తీసేసినవాటికీ వేళ్ల దెబ్బలు ఎక్కువగా కనిపించాయి. కాబట్టి పరిగెత్తించాలనుకునే పిల్లకు డ్యూక్లా తీయించకండి, మిగతా గోళ్లతో పాటు దాన్నీ కత్తిరించండి. నేలకు అరగక గుండ్రంగా తిరిగి చర్మంలో గుచ్చుకుంటుంది.

పరుగుకు ముందు పది నిమిషాలు నడిపించి, కాసేపు నెమ్మదిగా దుడుకు నడిపించి ఒళ్లు వేడెక్కనివ్వండి. కోత కోసిన కంది, పత్తి చేలల్లో వదలకండి, మోళ్లు చెక్కిన మేకుల్లా ఉంటాయి. కుందేలు వెంట వదలడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. మైదానమైతే కుక్కను దించే ముందు మీరు ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా నడిచి పెంకులు ఏరేయండి. పరుగయ్యాక వేళ్ల సందులు విడదీసి, మెత్తలు తుడిచి చూడండి. ఆ తర్వాత గచ్చు మీద నిలబెట్టి పంజాల్ని పక్కనుంచి చూడండి. బాగున్నప్పుడే ఒక ఫొటో తీసి ఫోన్‌లో ఉంచుకుంటే, దెబ్బ తగిలిన రోజు దేనితో పోల్చాలో వెతుక్కోనక్కర్లేదు.